గడప మీది టెస్టర్

వారం కింద మనం ఈ కథను విడిచిపెట్టినప్పుడు సిరిసిల్ల మీద మంచు దిగుతోంది. రాజయ్య రేడియో దుకాణంలో ఒక ప్రశ్న జవాబు లేకుండా నిలబడి ఉంది. రాజమల్లు వంతును ఉంచాలా, దాటెయ్యాలా?

రాజమల్లు కోనరావుపేట పక్క పల్లెలో, మాదిగవాడలో పుట్టినవాడు. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, తనలాగే చదివి తనలాగే ఖాళీగా తిరుగుతున్న వాళ్లను జగిత్యాల నుంచి కోరుట్ల దాకా, కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా ఒక్కొక్కరినే వెతికి కలిపినవాడు. సర్టిఫికెట్ చూసి లోపలికి రమ్మన్న దుకాణాలు వాళ్ల వాడ పేరు విన్నాక రేపు రమ్మనేవి. టీవీ బాగు చేయమని పిలిచిన ఇళ్లు టీవీని వాకిట్లోకి మోసుకొచ్చి పెట్టేవి, మెకానిక్ మాత్రం గడప దాటకూడదు. ఆ రేపులన్నిటినీ, ఆ వాకిళ్లన్నిటినీ కూడగట్టి రాజమల్లు ఒక గుంపు చేశాడు. సంఘం అంటే ఠాణాకు కబురు పోయే రోజులు. అందుకని దానికి 'వంతు' అని పేరు పెట్టాడు.

ఆ పేరు విని వాడలోని ముసలివాళ్లు మొహం తిప్పుకున్నారు. దొరల గడీలో వెట్టికి ఇంటికొకరుగా కదిలిన పాత వంతు వాళ్ల వీపుల మీద ఇంకా బరువుగానే ఉంది. రాజమల్లు నవ్వి, "వెట్టిని వంతులేసుకున్నోల్లం, కొలువును ఏసుకోలేమా?" అన్నాడు. ఎక్కడ ఏ కొలువు కబురు తెలిసినా అది వంతు వచ్చిన ఇంటిదే. ఆ ఇంటివాడికి పని సరిగా రాకపోతే మిగతావాళ్లు కూర్చోబెట్టి నేర్పాలి, నేర్చిందాకా వంతు కదలదు. అట్లా ఒకడు జగిత్యాలలో టెలిఫోన్ ఎక్స్ఛేంజికి ఎక్కాడు. ఒకడు కోరుట్లలో టీవీల దుకాణం తెరిచాడు. ఎక్కిన ప్రతివాడూ వెనక్కి తిరిగి ఇంకొకడికి చెయ్యి ఇచ్చాడు. పూర్వం వంతు కర్ర గడప నుంచి గడపకు కదిలేది. ఇప్పుడు కర్ర బదులు ఒక టెస్టర్ కదిలింది, కరెంటు ఉందో లేదో చూసే పసుపు పిడి టెస్టర్.

ఆ టెస్టర్ తన దగ్గర ఉండగానే, సారంగాపూర్ వైపు పనికని పోయి రాజమల్లు తిరిగి రాలేదు. వానలు పోయి చలి వచ్చింది. అడవిలోని నక్సలైటు అన్నల్లో కలిసిపోయాడని పోలీసులన్నారు. అన్నలు ఏమీ అనలేదు. ఇంతలో సిరిసిల్లలో పాత గడీ దొర దామోదర్ రావు మిల్లు నుంచి కబురు వచ్చింది. కొత్త కంప్యూటరు, దానితో నడిచే కొత్త యంత్రాలు, వాటిని చూసుకునే శాశ్వతమైన కొలువు. వంతు రాజమల్లుది. రాజమల్లు లేడు.

*

సిరిసిల్లలో కరెంటు పోతే ముందు తెలిసేది చెవులకు. రాత్రీ పగలూ మగ్గాల మోతలో బతికే ఊరు అది. ఆ మోత ఆగిపోతే ఉయ్యాలలో పసివాళ్లు ఉలిక్కిపడి లేస్తారు. ముసలివాళ్లు నడుస్తున్నవాళ్లు నడుస్తున్నట్టే ఆగి ఏదో పోగొట్టుకున్నట్టు చుట్టూ చూస్తారు.

ఆ పొద్దు అట్లాంటి నిశ్శబ్దమే. మంచు ఇంకా వీధిలోనే ఉంది, ఇంటి కప్పులు మంచులో మునిగి పైన విడిగా తేలుతున్నాయి. వంతు కబుర్లన్నీ చేరే రాజయ్య దుకాణంలో అరల నిండా రేడియోలు, అన్నీ బాగుకు వచ్చినవే. వాటి మీటలు ఎప్పుడూ పైకే ఉంచుతాడు రాజయ్య. కరెంటు రాగానే ఏది పలుకుతుందో, ఏది పలకదో ఒక్కసారే తెలిసిపోతుందని. ఇప్పుడు అవన్నీ కళ్లు తెరిచి నిద్రపోతున్న జీవాల్లా ఉన్నాయి.

గంగారాం కోరుట్ల నుంచి తొలి బస్సుకే వచ్చాడు. రాజమల్లు వాడవాడే, కోరుట్లలో మోటార్లకు తీగ చుట్టే పని అతనిది. రాజమల్లు తర్వాతి వంతు అతనిదే.

"రాజన్నా, ఇంకేం సూస్తున్నవు? మిల్లు నడిపే దొరబిడ్డ ఇయ్యాల పొద్దుటి దాకనే ఆగుతనన్నది. మనం మనిషిని పంపకపోతె పట్నం నుంచి దెచ్చుకుంటది. గప్పుడు వాని వంతూ లేదు, నా వంతూ లేదు, మన పిల్లల వంతూ లేదు."

"వంతు దాటియ్యాల్నంటె టెస్టర్ గావాలె గద తమ్మీ. అది వాని కాడ ఉండె."

"టెస్టరేమన్న దేవుడా? బజార్ల కొంటె దొరకదా?"

"టెస్టర్ దొరుకుతది," అన్నాడు రాజయ్య, కళ్లజోడు తుడుచుకుంటూ. "వంతు దొరకది."

గంగారాం పళ్లు కొరికి బయటికి చూశాడు. మంచులో రెండు ఆకారాలు మొదట నీడల్లా, తర్వాత చీరల్లా, చివరికి మనుషుల్లా మారి దుకాణం మెట్టు ఎక్కాయి. ముందు మొగిలవ్వ, రాజమల్లు తల్లి. వెనుక నీల, రాజమల్లు చెల్లెలు. కరీంనగర్‌లో డిప్లొమా చదివి, పట్టాను పెట్టెలో పెట్టి, తల్లితో కలిసి పత్తి ఏరడానికి పోతున్న పిల్ల.

"రా అక్కా, రా," రాజయ్య స్టూలు జరిపాడు. "చలికి వణుకుతున్నవు. చాయ్ జెప్పాల్నా?"

"చాయ్ తాపిచ్చి నా మాట మరిపిద్దామనా? మాటైనంక తాగుత తియ్యి."

మొగిలవ్వ కూర్చోలేదు. కొంగు ముడి విప్పి, అందులోనుంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

మెడ దగ్గర చిట్లిన పసుపు పిడి, చివర మూత, పిడి లోపల గింజంత దీపం. రాజమల్లు టెస్టర్. దాని మెడకు మాత్రం మునుపు లేనిది ఒకటి ఉంది. బిగించి చుట్టిన ఎర్రని దారం.

దుకాణంలో గాలి కూడా మగ్గంలా ఆగిపోయింది.

గంగారాం ముందుగా కదిలాడు, వెనక్కి. "రాజన్నా, షట్టర్ గుంజు."

రాజయ్య షట్టరును సగానికి దించాడు. మంచు వెలుగు మోకాళ్ల ఎత్తున మాత్రమే లోపలికి వచ్చింది.

"ఎక్కడిది చిన్నమ్మా ఇది?" గంగారాం గొంతు తగ్గింది. "గా ఎర్రదారం ఏంది?"

"ఏమో కొడుకా. తెల్లారకముందే మబ్బుల లేసి వాకిలూడ్వ వోతె గడప మీదున్నది."

"ఎవలు వెట్టిన్రు?"

"సూడలేదు. జరసేపు ముందుగాల బండి ఆగిన సప్పుడైంది. పోలీసు జీపేమో అనుకొని నేను గడెగూడ తియ్యలె. నీలను కదలకుమన్న. సప్పుడు దూరం వోయినంక లేసిన."

"ఎర్రదారమంటె ఇంకెవలు? అడివిల నుంచి అచ్చింది. గా దారం నీ కొంగుల దొరికితె నువ్వుండవు, ఈ దుకాణముండది."

"అన్నలు బండ్ల మీద రారు," అన్నాడు రాజయ్య నెమ్మదిగా. అని, తన మాటకు తనే భయపడ్డాడు. "బండ్ల మీదచ్చేది పోలీసోల్లు. టెస్టర్ వెట్టి, ఎవలు దీస్కుంటరో, ఎవలింటికి వోతరో సూస్తున్నరేమో. ఎర అనుకో."

ఆ మాట బల్ల మీద టెస్టర్ పక్కన పడి ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

అప్పుడు మొగిలవ్వ నవ్వింది. చాలా కాలానికి నవ్విన నవ్వు, ఎటు పోవాలో తెలియక పెదవి మీదే నిలబడింది.

"రాజన్నా, పోలీసోల్లకు మొన ఎరుకనా?"

"మొనేంది?"

"గడప మీద మొన లోపలికున్నది."

రాజయ్య కళ్లజోడు చేతిలోనే ఉండిపోయింది. 

కుర్రవాళ్లకు తెలియని సంగతి అది, ముసలివాళ్లు చెప్పుకోవడానికి ఇష్టపడని సంగతి. వంతు కర్ర గడప మీద అడ్డంగా ఉంటే కబురు వచ్చిందని మాత్రమే. మొన వీధి వైపు ఉంటే ఈ ఇంటి వంతు తీరింది, పక్క గడపకు మోసుకుపొమ్మని. మొన లోపలికి ఉంటే వంతు ఇంకా ఈ ఇంటిదే, ఇంట్లో ఎవరో ఒకరు లేచి పోవాల్సిందే. జ్వరమైనా, బాలింత అయినా. ఆ మొన లోపలికి తిరిగిన పొద్దుల్లో ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. మాదిగవాడ గడపలకు, గడీ మెట్లకు తప్ప లోకంలో మరెవరికీ తెలియని భాష అది.

"రాజమల్లుకు నేనే జెప్పిన," అంది మొగిలవ్వ. "చిన్నగున్నప్పుడు అడిగిండు, అవ్వా, గా కర్ర గట్లెందుకున్నదని. జెప్పుకుంట ఏడ్సిన. వానికి యాదుంటది."

"అయితె..." గంగారాం మాట అతనికే వినపడనంత మెల్లగా వచ్చింది. "వాడున్నడు."

నీల తల వంచుకుంది. బల్ల చెక్క మీద ఒక నీటిబొట్టు పడి, అక్కడే, టంకానికి వాడే రోజన్ ఎండిన మరక మీద నిలిచింది. మంచు కరిగి కప్పు నుంచి రాలినట్టు, అంత చప్పుడు లేకుండా.

*

"ఇగ మాట," అంది మొగిలవ్వ, కొంగుతో బిడ్డ మొహం తుడిచి. "వంతు మా ఇంటిది. మా ఇంటి నుంచి నీల పోతది."

గంగారాం చివ్వున తల తిప్పాడు. "గట్లెట్లయితది చిన్నమ్మా? వంతు రాజమల్లుది. వాడు లేకపోతె దాటాలె. మొన్న జగిత్యాలల అందరం అదే అనుకున్నం."

"అందరు అంటె ఎవలెవలు?"

"మేమే. పిల్లలం."

"మొగపిల్లలు." మొగిలవ్వ స్టూలు మీద అప్పుడు కూర్చుంది. "కొడుకా గంగారాం, నీ ఇంటి వంతు అచ్చిన పొద్దు నీ నాయిన పండుకొనుంటె గడీకి ఎవలు వోయిన్రో ఎరుకనా? మీ అవ్వ వోయింది. నువ్వు కడుపులున్నవు. నేను నా పెండ్లైన ఎనిమిది దినాలకే వోయిన, పారాణి ఆరలేదు. గప్పుడు వంతుకు ఆడామొగా లేకుండె. వెట్టి కాడ లేని ఆడామొగా కుర్సి కాడ ఎక్కడికెల్లి అచ్చింది?"

రాజయ్య అరల్లోని రేడియోల వైపు చూశాడు. అవి కూడా వింటున్నట్టే ఉన్నాయి. నిజం అది. వంతును కొత్తగా కట్టినప్పుడు ఇంటికొక కొడుకును లెక్కేసుకున్నారు. పాత వంతు ఇంటికొక మనిషిదని వాళ్లెవరూ తలచుకోలేదు. గడీ కూడా చేయని తప్పు ఒకటి వాళ్లు తమంతట తాము చేశారు.

"ఆడామొగా కాదు నా బాధ," అన్నాడు గంగారాం. అతని గొంతులో కోపం తగ్గి ఇంకేదో వచ్చింది. కుడి చెయ్యి చాచి బల్ల మీద పెట్టాడు. రెండు వేళ్ల మీద గోళ్లు లేవు. కొత్త చర్మం చిన్నపిల్లల పెదవిలా గులాబీ రంగులో ఉంది. "రాజమల్లు యాడున్నడని ఠాణాల అడిగిన్రు. నాకేమెరుక? ఎరుక లేదని జెప్పిన. ఈ చేతితోని తీగ సుట్టాలె చిన్నమ్మా. సన్న తీగ పడితె జారుతున్నది. మోటార్లు ఎనక్కి అస్తున్నయి. మిల్లు పనైతె మీటలే కదా, ఈ ఏళ్లతోనే బతుకుతననుకున్న."

మొగిలవ్వ ఆ చెయ్యిని తన రెండు చేతుల మధ్యకు తీసుకుంది. చలిలో పక్షిని పట్టుకున్నట్టు పట్టుకుంది.

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న నీల ముందుకు వచ్చింది.

నీల గురించి ఒక మాట చెప్పాలి. చిన్నప్పుడు రేడియోలో పాట ఆగిపోతే ఆ పిల్ల పెట్టెకు చెవి ఆనించి కూర్చునేది. పాట లోపలే ఉంది, దారి తప్పింది అనేది. పెద్దయి, డిప్లొమా చదివి, ఏ ముక్క నుంచి ఏ ముక్కకు ఎట్లా పోతుందో అంతా తెలుసుకున్నాక కూడా ఆ నమ్మకం పోలేదు. ఆగిపోయిన ప్రతి యంత్రంలోనూ దారి తప్పిన పాట ఒకటి ఉంటుంది. పత్తి చేలో వంగినప్పుడు కూడా ఆమె చేతుల్లో ఏవో అందని తీగలు కదులుతూనే ఉండేవి. పట్టా పెట్టెలో నిద్రపోయేది గానీ ఆ చేతులు నిద్రపోలేదు.

"గంగారామన్నా," అంది. "నీకియ్యుమంటె ఇస్త. దాటిపోయింది అనుకొని గాదు, చెల్లె ఇచ్చింది అనుకొని తీస్కో. నేనింకో వంతుదాక పత్తేరుత. నాకేం కొత్త గాదు."

గంగారాం ఆమెను చూశాడు.

"గని," అంది నీల, "అన్న ఎక్కడున్నడో, ఎట్లున్నడో. గంత దూరం నుంచి, గన్ని కండ్ల నడుమ నుంచి, మా ఇంటికి ఒక్క మాట పంపిండు. మొన లోపలికి వెట్టిండు. ఇంట్ల నేను దప్ప ఎవలున్నరని వెట్టిండు? నా కోసమే గద. దాన్ని బయటికి తిప్పాల్నంటె నువ్వే తిప్పు. నాకు చెయ్యి రాదు."

టెస్టరును తీసి అతని ముందుకు జరిపింది.

గంగారాం గోళ్లు లేని వేళ్లు దాని దగ్గరికి వెళ్లాయి, ఆగాయి. ఒక్క తిప్పు చాలు. ఎవరూ ఏమీ అనరు. వంతు తర్వాతి గడపకు పోతుంది, ఆ గడప తనదే. 

అతడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తియ్యి చెల్లే," అన్నాడు. "నా ఒంటి మీద కొట్టి అడిగినప్పుడు ఇడిసిపెట్టని పేరును, ఇప్పుడు నా చేతితోని కొట్టెయ్యాల్నా?" నవ్వడానికి ప్రయత్నించాడు. "నాకు నేర్పుతవు మల్ల. మీటలెట్ల ఒత్తాల్నో. వంతు రూలే గదా అది."

"నేర్పుత."

"అయితె ఒక్క మాటిను. గా దారం తెంపి పో. దొర మిల్లుకు ఎర్రదారం గట్టుకొని వోతవా? ఆయన అన్నలకు భయపడే పట్నంల ఉంటుండు. సూస్తె ఏమనుకుంటరు?"

రాజయ్య కత్తెర అందించాడు. నీల కత్తెర తీసుకుంది. దారాన్ని దగ్గరగా చూసింది. ముడి చక్కగా, రెండుసార్లు తిప్పి, ఎవరో మెల్లగా ఓపికగా వేసిన ముడి.

"తెంపకు," అంది మొగిలవ్వ. "ఎవలు గట్టిన్రో మనకెరుక లేదు. నా ఇంటికి ఎట్లచ్చిందో గట్లనే ఉండనీ."

కత్తెర బల్ల మీదికి తిరిగి పోయింది.

"పలుకుతదో లేదో సూడు," అన్నాడు రాజయ్య. మాట మార్చడానికి అన్నాడో, నిజంగానే చూడాలనుకున్నాడో. నీల గోడ మీది బోర్డు దగ్గరికి వెళ్లి టెస్టర్ మొనను రంధ్రంలో పెట్టింది, మూత మీద వేలు ఆనించింది. కరెంటు లేదు. అయినా అట్లాగే నిలబడింది, ఎవరి నాడి కోసమో చెయ్యి పట్టుకుని కూర్చున్నదానిలా. ఊరు ఊపిరి బిగబట్టి ఉంది. మంచు షట్టరు కింది నుంచి లోపలికి వచ్చి వాళ్ల పాదాలను తాకింది.

ముందు ఎక్కడో, వెంకంపేట వైపు, ఒక్క మగ్గం దగ్గింది.

తర్వాత పిడిలో గింజంత దీపం వెలిగింది. చెర్రీ పండంత ఎరుపు కాదు, కుంకుమంత ఎరుపు కాదు, చలిలో పొయ్యి అడుగున మిగిలే నిప్పుకణం రంగు. దాని వెనుకే అరల్లో రేడియోలన్నీ ఒక్కసారి లేచాయి. ఒకటి వార్తలు, ఒకటి పాట, ఒకటి వ్యవసాయం సంగతులు, ఒకటి ఉత్త గాలి. వాటన్నిటి మీద, వాటన్నిటినీ మింగుతూ ఊరి మగ్గాలన్నీ కలిసి తమ పాత మోతను మళ్లీ ఎత్తుకున్నాయి.

ఆ మోతలో బయట కారు ఆగిన చప్పుడు ఎవరికీ వినపడలేదు.

*

షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చింది గిరిజ. దామోదర్ రావు కూతురు. తండ్రి పట్నం పోయి దాక్కున్నాక మిల్లు నడిపేది ఆమె. కారు కూడా తనే నడుపుతుంది. సిరిసిల్ల ఇంకా తిరిగి తిరిగి చూసే వింత అది.

రాజయ్య గబగబా రేడియోలు కట్టేశాడు.

"మనిషిని చూసిపెడ్తమన్నరు," అంది గిరిజ. "ఎవరు వస్తున్నరు?"

"నేను, మేడం," అంది నీల.

గిరిజ చూపు నీల మొహం మీద ఒక క్షణం ఆగి, ఆమె చేతిలోకి దిగి, అక్కడ ఇంకో క్షణం ఆగింది. ఆడపిల్లా అని అనలేదు, పని వచ్చా అని అడగలేదు. గంగారాం అది గమనించాడు.

మొగిలవ్వ లేచి నిలబడింది. అలవాటు చొప్పున నడుము సగం వంగింది, మళ్లీ తనే దాన్ని సరిచేసుకుంది.

"దొరసాని, నాదొక్క మాట."

"దొరసాని అనొద్దు. గిరిజ అనవ్వా."

"అది నోరు తిరగది తియ్యి, ఈ జన్మకు." మొగిలవ్వ ఆమె కళ్లలోకి చూసింది. "మీ తాతల గడీకి నేను వంతుకచ్చిన. కొత్త కోడలిని. పొద్దంత దర్వాజ కాడ నిలవడ్డ. పని జెప్పినోల్లున్నరు, తిట్టినోల్లున్నరు. కూసో అన్నోల్లు లేరు. పొద్దుగూకినంక ఇంటికొచ్చి కూసుందామంటె కాళ్లు వంగలె. జీతం సంగతి నేనడుగ. పని సంగతి దానికే ఎరుక. నా బిడ్డకు కుర్సి ఏస్తరా?"

మగ్గాల మోత గోడల గుండా వచ్చి ఆ ప్రశ్న చుట్టూ నిలబడింది.

గిరిజ కళ్లు కిందికి, మొగిలవ్వ పాదాల వైపు దిగాయి. పల్లె మట్టి ఇంకా ఆరని పాదాలు. "ఏసే ఉన్నదవ్వా," అంది.

మొగిలవ్వ తల ఊపింది. రాజయ్య వైపు తిరిగింది. "ఇగ జెప్పు చాయ్."

*

మిల్లు మానేరు వాగు పక్కన, ఊరి చివర. కారు అద్దాలకు అవతల లోకమంతా తెల్లని దూదిలో చుట్టి ఉంది. మనుషులు కనపడరు, మోత మాత్రం వెంట వస్తుంది. నీల ముందు సీట్లో కూర్చుంది. వెనక్కి వెళ్లబోతే గిరిజే ముందు తలుపు తెరిచింది. ఒళ్లో టెస్టర్, దాని చుట్టూ రెండు చేతులు.

వాగు దగ్గర గిరిజ కారు ఆపింది. ఇంజను ఆగింది. ఇంత దూరంలో మగ్గాల మోత ఏటి నీళ్ల చప్పుడులా ఉంది.

"దారం తెంపుతవేమో అనుకున్న," అంది.

నీల చేతులు టెస్టర్ మీద బిగిశాయి. "ఏ దారం, మేడం?"

"నీ చేతిలది. మా మిల్లు దారమే అది. నేనే కట్టిన." గిరిజ చూపు అద్దం మీదే ఉంది. "పిడి చిట్లి ఉండె. ఊడిపోతదేమో అని. చేతికి ఆ రంగే దొరికింది. మీరంత ఏమనుకుంటరో అప్పుడు తట్టలేదు."

తెల్లవారకముందు ఆగిన బండి చప్పుడు, తెరవని గడె, చీకట్లో తను బిగబట్టిన ఊపిరి, అన్నీ మంచులోంచి ఒక్కొక్కటిగా నడిచివచ్చి కారు చుట్టూ నిలబడ్డాయి. గడీ నుంచి వంతు కర్ర మోసుకొచ్చి వాడ గడప మీద విసిరిపోయేది ఎప్పుడూ గడీ కబుర్లు మోయడానికి కూలికి పెట్టిన మస్కూరివాడే. గడీ ఆడబిడ్డ ఆ గడప ముందు వంగడం ఆ వాడ పుట్టిన తర్వాత జరగలేదు.

"గడప మీద పెట్టింది..."

"నేనే."

"మొన..." నీల గిరిజ వైపు తిరిగింది. "మొన ఎటుండాల్నో మీకెట్ల ఎరుక?"

"నాకేం ఎరుక? నేను బయటికి పెడ్దామనుకున్న. లోపలికే ఉండాలె, చెల్లె ఇంట్ల ఉన్నది అని మీ అన్న మరీ మరీ చెప్పిండు."

"ఎప్పుడు జెప్పిండు, మేడం? యాడ?"

గిరిజ తాళం తిప్పింది. కారు కదిలింది.

"నిన్న పొద్దుగూకంగ. నువ్వు కూసోబోయే కుర్చీల కూసొని."

మంచు పలచబడింది. ముందు మిల్లు కప్పు, తర్వాత గోడ, ఆ తర్వాత గేటు ఒకదాని వెనుక ఒకటి తేలాయి. గేటు ముందు జీపు ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. దాని పక్కన చలికి చేతులు రుద్దుకుంటూ ఖాకీ దుస్తుల్లో ఇద్దరు. మూడోవాడు మిల్లు లోపలి నుంచి వస్తున్నాడు.

గిరిజ కాలు బ్రేకు మీదికి పోయి, పోయినంత మెల్లగా వెనక్కి వచ్చింది. ఆపితే అనుమానం. "టెస్టర్ దాచుకో," అంది పెదవి కదలకుండా. "దిగుతవా, ఇక్కడ్నే? నీ ఇష్టం. నిన్ను ఎవరూ ఏమీ అనరు."

ఖాకీ చెయ్యి ఒకటి గాలిలోకి లేచింది, కారును రమ్మని.

నీల టెస్టరును చెంగు మడతలోకి జరిపింది. జరుపుతూ, ఎవరికీ కనపడకుండా, దాని మొనను మెల్లగా తన వైపుకు తిప్పుకుంది.

"పోనియ్యుండ్రి మేడం," అంది. "వంతు నాది."